చచ్చినవే పంపు మామయ్యా

మేడ మీద గది,
జూన్ 3

మామయ్యకి,

ఫోన్ చేస్తే "ఆ, బాగున్నాం, నువ్వు బాగున్నావా, సరే మరి" అని నాలుగు ముక్కల్లో పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవు.

కొట్టు మూసేస్తున్నావని అమ్మ చెప్పింది. ముప్పయ్యేళ్ల కొట్టు! చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేము మన ఊళ్లో ఎవరింట్లో మొరాయించినా నీ బల్ల మీదకే వచ్చేది. ఇప్పుడు అలమారాలో మిగిలినవన్నీ తుక్కు కింద ఇచ్చేస్తానన్నావట. కాస్త ఆగు, కొంపలేం మునిగిపోవు.

నేను ఫొటోలకి ఫ్రేములు కడతానని నీకు తెలుసు. పోయిన నెల ఊరికే కూర్చోలేక నా చిన్నప్పటి గేమును విప్పాను. ఇటుకలు పేర్చేది, నువ్వే రెండుసార్లు బాగు చేసి ఇచ్చి మూడోసారి "ఇక దీనికి నూకలు చెల్లాయి" అన్నావే, అదే. ప్రతి ముక్కనీ కడిగి, తుడిచి, విప్పిన వరసలోనే తెల్లట్ట మీద పరిచాను. పైన ముందు డిప్ప, కింద స్క్రీను, దాని కింద బోర్డు, బటన్లు, రబ్బర్లు, స్పీకరు, స్ప్రింగులు, చివర్న పది స్క్రూలు. ఒక్కొక్కదాని కింద దాని పేరు రాసి, అతికించి, అద్దం బిగించి గోడకి తగిలించాను. పళ్ల డాక్టరు ఒకాయన తన డిగ్రీ కాగితానికి ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చి, డిగ్రీ సంగతి మర్చిపోయి దాని ముందే నిలబడిపోయాడు. తన క్లినిక్‌లోకి అలాంటిదే కావాలన్నాడు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు అడిగారు.

కాబట్టి నీ దగ్గరున్నవి నాకు పంపు. ఒక్కటే షరతు. చచ్చినవే పంపు మామయ్యా. బతికున్నదాన్ని విప్పి అట్టకి అతికిస్తే ఆ పాపం నాకొద్దు.

నీ
పిడుగు

*

కొట్టు నుంచి,
జూన్ 15

పిడుగుకి,

ఆడుకోవాల్సిన వస్తువుని అద్దం వెనక పెడతావా? రేపు నేను పోతే నన్ను కూడా విప్పి, కాలేయం, పిత్తాశయం అని పేర్లు రాసి తగిలిస్తావు కాబోలు. పళ్ల డాక్టరుకి మతిపోతే పోయింది, నీకేం వచ్చింది?

అయినా అడిగావు కనక పంపుతున్నాను. పెట్టెలో పంతొమ్మిది ఉన్నాయి. నా దగ్గర లెక్క ఇదీ: బాగుపడేదానికి వెనక పసుపు స్టిక్కరు వేస్తాను, పోయినదానికి ఎర్రది. నీకు పంపినవన్నీ ఎర్రవే. మళ్లీ నువ్వు బ్యాటరీలు వేసి చూడక్కర్లేదు. నేను చచ్చిందంటే చచ్చిందే.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. డిప్ప విప్పగానే ముందుగా బోర్డు మీద ఉన్న బిళ్ల బ్యాటరీ పీకెయ్. స్కోర్లు గుర్తుంచుకునేది అదే. లోపల వదిలేస్తే రెండేళ్లకి కారి బోర్డుని తినేస్తుంది, నీ తెల్లట్ట పచ్చబడుతుంది. అది తీశాకే మిగతా పని.

కొట్టు ఎందుకు మూస్తున్నావని మీ అమ్మ అడిగింది. ఎవరొస్తున్నారమ్మా ఇప్పుడు? రోజంతా నేను ఈ పక్క, మీ అత్తయ్య ఆ పక్క. నేను ఈగలు తోలుకుంటుంటే ఆవిడ కౌంటరు దగ్గర కూర్చుని తన గేము తను ఆడుకుంటుంది. ఇరవయ్యారేళ్లుగా అందులో మొదటి స్కోరు ఆవిడదే. ఒక్కరు కూడా దాటలేదు. నేనసలు ఆ దరిదాపులకే పోలేదు.

ఉంటాను,
మామయ్య

*

మేడ మీద గది,
జూలై 8

మామయ్యకి,

పెట్టె అందింది. వారం రోజుల నుంచి తిండి కూడా బల్ల దగ్గరే.

నీ పంతొమ్మిదీ విప్పాను. మామయ్యా, నీ చేతి పని మనిషి మొహంలా గుర్తుపట్టేయొచ్చు! వేరేవాళ్లు బాగు చేసిన బోర్డుల మీద టంకం ముద్దలు ముద్దలుగా పడి ఉంటుంది. నీది మాత్రం చెమట బొట్టంత, గుండ్రంగా, మెరుస్తూ. విరిగిన స్క్రూ గూడుని కూడా పారేయకుండా లోపల చిన్న గొట్టం పెట్టి నిలబెట్టావు. ఎవరూ చూడని చోట ఇంత శుభ్రంగా ఎందుకు చేశావు? డిప్ప మూసేశాక కనిపించదు కదా! నేను ఫ్రేము వెనక వైపు మేకుల్ని ఇష్టమొచ్చినట్టు కొట్టేదాన్ని. ఇప్పుడు సిగ్గేసి వెనక కూడా వరసగా కొడుతున్నాను.

ఒక ఫ్రేము నీకూ అత్తయ్యకీ పంపుతున్నాను. నీ పనే కాబట్టి దానికి నువ్వే మార్కులెయ్యాలి.

ఇంకో సంగతి. చిన్నప్పుడు నా నోటు పుస్తకం మీద నా పేరు నీచేతే రాయించుకునేదాన్ని, అంత బాగుండేది నీ రాత. ఇప్పుడు గీతల కాగితం మీద కూడా నీ అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి. కొట్టు మూసేస్తున్నానన్న సంబరమా?

నీ
పిడుగు

*

కొట్టు నుంచి,
ఆగస్టు 2

పిడుగుకి,

ఫ్రేము వచ్చింది. బాగుంది. నల్ల అంచు, తెల్లట్ట. మీ అత్తయ్య పేర్లన్నీ పైకి చదివి వినిపించింది. "స్పీకరు అంటే ఇంతేనా, ఇంత చప్పుడు చేసేది!" అంది. పేర్లు ఇంకాస్త పెద్దగా రాస్తే నష్టమేమిటి? చీమలకి చదువు చెబుతున్నావా?

నా రాత సంగతి వదిలెయ్. కలం బాగాలేదు.

ఇంకో పదకొండు పంపుతున్నాను. అలమారా కింది అర ఖాళీ అయిపోయింది. అన్నీ ఎర్రవే.

మామయ్య

*

మేడ మీద గది,
ఆగస్టు 20

మామయ్యకి,

ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు తాత్సారం చేశాను.

రెండో పెట్టెలో పైనే ఉన్న బూడిదరంగు మిషన్ని ముందు తీశాను. నువ్వు చెప్పినట్టే డిప్ప విప్పగానే బిళ్ల బ్యాటరీ పీకేశాను. అలవాటైపోయింది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. తర్వాత బోర్డు చూస్తే ఎక్కడా పాడైన జాడ లేదు. తుప్పు లేదు, కాలిన మచ్చ లేదు. అనుమానమొచ్చి మామూలు బ్యాటరీలు వేశాను. టింగుమని పాట పాడుతూ వెలిగింది. వెనక డిప్ప తిప్పి చూస్తే లోపలి వైపు గోళ్లరంగుతో అత్తయ్య పేరు.

స్కోర్ల పట్టీ నిండా సున్నాలే మామయ్యా. ఇరవయ్యారేళ్ల స్కోరుని నేను ఒక్క పట్టకారు తిప్పుతో చెరిపేశాను. నీ మాట మీద నమ్మకంతో ముందు వెలిగించి చూడలేదు. చూసి ఉంటే ఇలా జరిగేది కాదు. ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మిగిలిన పదీ వెలిగించి చూశాను. ఇంకో మూడు బతికే ఉన్నాయి. ఒకదానికి స్ప్రింగు తిరగబడింది, అంతే. ఇంకోదానికి రిబ్బను తీగ సగం ఊడి ఉంది. మూడోదానికి స్విచ్చిలో దుమ్ము. అన్నిటికీ ఎర్ర స్టిక్కర్లే ఉన్నాయి.

ఇప్పుడేం చెయ్యమంటావో రాయి. అత్తయ్యతో నేనే మాట్లాడనా?

నీ
పిడుగు

*

కొట్టు నుంచి,
ఆగస్టు 27

స్టిక్కర్లు కలిసిపోయాయి. అత్తయ్యకి ఏమీ చెప్పకు. తన గేము శుభ్రం చెయ్యడానికి విప్పానని చెప్పాను. దాన్ని వెంటనే పంపించు. మిగతావి నీ ఇష్టం. ఈ విషయం ఇక రాయొద్దు.

మామయ్య

*

మేడ మీద గది,
సెప్టెంబరు 3

మామయ్యకి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. కోప్పడితే కోప్పడు.

స్టిక్కర్లు కలిసిపోవడమా! స్క్రూలన్నిటినీ పొడవు ప్రకారం ఇరవై సీసాల్లో వేసుకునేవాడివి. నా ఏడో ఏట ఒక్కటి తప్పు సీసాలో వేస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాచేత వెతికించావు. అలాంటి నువ్వు పసుపుకీ ఎరుపుకీ తేడా కనిపెట్టలేదంటే నేను నమ్మాలా? తిరగబడ్డ స్ప్రింగు నీకు తెలియలేదా? ఒంకర అక్షరాలు, పేర్లు పెద్దగా రాయమనడం, అత్తయ్యచేత చదివించుకోవడం. నేనెంత మొద్దునో, ఇన్ని నెలలుగా వాటిని చూసి నవ్వుకున్నాను.

సూటిగా అడుగుతున్నాను. మామయ్యా, నీకు కళ్లు కనిపిస్తున్నాయా?

అవునో కాదో చెప్పు. నాకు మాత్రం అబద్ధం చెప్పకు. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్లే రోజుల్లో నీ బల్ల కిందే పెరిగినదాన్ని. నాకు తెలియనివ్వకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావు?

నీ
పిడుగు

*

కొట్టు నుంచి,
సెప్టెంబరు 29

పిడుగుకి,

లావు స్కెచ్చి పెన్నుతో రాస్తున్నాను. పేజీకి పది ముక్కలు కూడా పట్టడం లేదు. కాగితాలు లెక్కపెట్టి నవ్వకు.

కనిపించడం లేదమ్మా.

పోయిన ఏడాది నుంచీ ఇంతే. చుట్టూ కనిపిస్తుంది, నడిమధ్య కనిపించదు. గోడ కనిపిస్తుంది, గడియారం కనిపించదు. నీ మొహం వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి. ఇద్దరు డాక్టర్లకి చూపించుకున్నాను. ఇంకా పాడవకుండా సూదులు వేస్తారట. పోయింది మాత్రం రాదన్నారు.

మొదట భూతద్దం మార్చాను. తర్వాత బల్బు మార్చాను. తర్వాత మనుషులకి అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాను. నాకు కనిపించని ప్రతి మిషన్నీ "దీని పని అయిపోయింది" అని చెప్పి, బదులుగా నా అలమారాలోంచి బాగున్నది ఒకటి ఇచ్చి పంపాను. వాళ్లు దండం పెట్టి మరీ వెళ్లేవాళ్లు. బతికున్న వాటిని చచ్చాయన్నాను. నిజానికి పని అయిపోయింది నాదే. ముప్పయ్యేళ్లలో నా మాట ఒక్కసారీ తప్పు కాలేదని నువ్వు నమ్మావు చూడు, అక్కడే చచ్చిపోయాననిపించింది.

అత్తయ్య గేములో బిళ్ల బ్యాటరీ ఇప్పటికి మూడుసార్లు మార్చాను. మిషను వెలుగుతుండగానే, స్కోరు చెరగకుండా, ఊపిరి బిగబట్టి మార్చేవాణ్ణి. ఆ సంగతి తనకి తెలియదు. కౌంటరు మీదున్న ఆ మిషన్నే అలమారాలోదనుకుని నా చేత్తో పెట్టెలో వేశాను. చేత్తో పట్టుకుని కూడా గుర్తుపట్టలేదు. నీ తప్పేమీ లేదు. పీకెయ్యమన్నది నేనే.

నా పనిముట్లన్నీ కట్టి పంపిస్తాను, తీసుకో. నేను వాటిని చూస్తూ కూర్చోలేను. నన్ను కూడా ఎర్ర స్టిక్కరు లెక్కలో వేసుకో.

మామయ్య

*

ఇంటి నుంచి,
అక్టోబరు 6

అమ్మడూ,

నేను అత్తయ్యని. మీ మామయ్య నీకు ఆ లావు ఉత్తరం రాసి, కవరు అతికించి, పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చారు. నేను చదవలేదు. చదవక్కర్లేదు. కవరు మీద నీ అడ్రసు అరచెయ్యంత అక్షరాల్లో ఉంటే ఇంకా ఏం చదవాలి?

నాకు ఏడాదిగా తెలుసు. కాఫీ కప్పు పక్కన పోసుకుంటున్న మనిషికి కళ్లు బాగున్నాయని అనుకోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? చెప్పుకోవడం ఇష్టం లేదు కాబోలని ఊరుకున్నాను. ఇంట్లో ఏ వస్తువుని ఎక్కడ పెట్టానో అక్కడే ఉంచుతున్నాను, అంగుళం కూడా జరపడం లేదు. కుర్చీలకి నడిచే కాళ్లు లేవని ఆయన నమ్మేలా కాపురం చేస్తున్నాను.

గేము సంగతి కూడా తెలుసు, నీ ఉత్తరాలు ఆయనకి చదివి పెట్టే పక్కింటి కుర్రాడు నాకు చెప్పేశాడు. శుభ్రం చేస్తున్నాను, శుభ్రం చేస్తున్నాను అని రెండు నెలలు! అంత శుభ్రం చెయ్యడానికి అదేమన్నా గంగాళమా? స్కోరు పోతే పోయింది, నువ్వు దిగులు పెట్టుకోకు. నా వేళ్లు ఇంకా నాకే ఉన్నాయి కదా, మళ్లీ కొడతాను. మిషను మటుకు త్వరగా పంపు, పొద్దు పోవడం లేదు.

నా దిగులంతా ఆయన గురించే. కొట్టుకి వెళ్తారు, షట్టరు సగమే ఎత్తి లోపల ఖాళీ బల్ల ముందు కూర్చుంటారు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంటారు. ఆ చేతుల్ని అలా ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. నా మాట వినరు. నీ మాట వింటారేమో చూడు. ఏదో ఒకటి చెయ్యవే తల్లీ.

అత్తయ్య

*

మేడ మీద గది,
అక్టోబరు 18

మామయ్యకి,
(అత్తయ్యా, పైకి చదువు. ఒక్క ముక్క కూడా మింగొద్దు.)

పనిముట్లు అందాయి. వాటిని నేను తీసుకోను. నా దగ్గర దాచి ఉంచుతాను, అంతే. అత్తయ్య గేము ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, సున్నాల సంగతి ఆవిడకి ముందే తెలుసు.

మా వీధి చివరి గ్రంథాలయం హాల్లో వచ్చే నెల పదో తారీకు నుంచి నా ఫ్రేముల ప్రదర్శన. మొత్తం పద్నాలుగు. అందులో పదమూడు, నేను మొదటి నుంచీ చేస్తున్నట్టే, ముక్కలన్నీ పరిచి పేర్లు రాసినవి. పద్నాలుగోది అలాంటిది కాదు.

నీ రెండో పెట్టె అడుగున ఎర్రరంగు మిషను ఒకటి ఉంది. అది నిజంగానే పోయింది, పదిసార్లు చూశాను. ఎప్పుడో నీళ్లలో పడిన మిషను కాబోలు, బోర్డు మీద రాగి గీతలన్నీ కొట్టుకుపోయాయి. ఎవరైనా విసిరి పారేసేవాళ్లు. నువ్వు పారెయ్యలేదు. పోయిన ప్రతి గీత బదులూ వెంట్రుక కన్నా సన్నటి తీగ పరిచి అతికావు. బియ్యపు గింజంత చోటులో ఏడు అతుకులు, ఒకదానికొకటి తగలకుండా. తీగలు కదలకుండా పైన వార్నిషు పూశావు. దాన్ని వెలుగులో పెట్టి చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిజంగా నిలబడ్డాను మామయ్యా, పెద్దవాళ్లెవరో గదిలోకి వచ్చినట్టు.

ఆ పద్నాలుగో ఫ్రేములో ఆ ఒక్క బోర్డే ఉంది. వెనక వైపు తిప్పి, తీగలు బయటికి కనిపించేలా పెట్టాను. దాని కింద ఏం రాయాలో నాకు తెలియదు. అది చేసింది నువ్వు. ఎలా చేశావో నువ్వే చెప్పాలి.

నా కళ్లు నూటికి నూరు బాగున్నాయి. అయినా ఆ బోర్డుని ఎంతసేపు చూసినా ఏ తీగ ముందు వేశావో, ఎందుకు వేశావో నాకు తెలియడం లేదు. కనిపించడం వేరు, తెలియడం వేరు. నీకు తెలిసినదాన్ని నువ్వు ఖాళీ బల్ల ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండుతోంది.

రా మామయ్యా. రాకపోతే పద్నాలుగో మేకు ఖాళీగానే ఉంటుంది.

నీ
పిడుగు

*

ఇంటి నుంచి,
నవంబరు 21

పిడుగుకి,

నేను చెబుతుంటే మీ అత్తయ్య రాస్తోంది. క్షేమంగా చేరాం. బస్సులో మీ అత్తయ్య నిద్రపోయింది, గురక పెట్టింది. (అబద్ధం. కునుకు పట్టిందంతే. - అత్తయ్య)

చెప్పింది చెప్పినట్టు రాయమంటే వినదు. ఏం చేస్తాం!

పిడుగూ, హాల్లోకి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అంతమంది ఉన్నారని అలికిడిని బట్టి తెలుస్తోంది. గోడల మీద నల్లంచుల మధ్య తెల్లతెల్లగా పద్నాలుగు మచ్చలు. అంతే కనిపించింది నాకు. దగ్గరికి వెళ్లినకొద్దీ మధ్యలో ఉన్నదంతా మాయమైపోయింది. ఇంతదూరం వచ్చి చూసేది ఈ ఫ్రేము చెక్కనేనా అనుకున్నాను. వెనక్కి తిరిగిపోదామని మీ అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. (గట్టిగా పట్టుకున్నారు, ఇంకా ఎర్రగానే ఉంది.)

అప్పుడు నువ్వు ఆ పద్నాలుగోదాన్ని గోడ నుంచి దింపావు. బల్ల మీద బోర్లించి, మేకులు ఒక్కొక్కటే లాగావు. ఆ చప్పుడు నాకు తెలుసు. వరసగా కొట్టావు, వరసగానే వచ్చాయి. పళ్ల డాక్టరు అనుకుంటా, "అయ్యో, విప్పేస్తున్నారేమిటి?" అన్నాడు. నువ్వు అద్దం తీసి పక్కన పెట్టి, నా చూపుడు వేలు పట్టుకుని ఆ బోర్డు మీద పెట్టావు.

నాకు అన్నీ గుర్తొచ్చేశాయి, పిడుగూ. ఎడమ చివరి తీగ ముందు వేశాను. రెండోది దాని కింద నుంచి పోనిచ్చాను, అందుకే అక్కడ కాస్త ఎత్తు. ఐదోదాని దగ్గర చెయ్యి కాలింది. ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చెప్పుకుపోయాను. ఎవరున్నారో, ఎంతమంది విన్నారో నాకు తెలియదు. (నలభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ దగ్గలేదు. పళ్ల డాక్టరు ఏడ్చాడు. నువ్వు ఇవతలి పక్క ఉన్నావు కాబట్టి చూసి ఉండవు.)

నువ్వు ఆ ఫ్రేముకి మళ్లీ అద్దం పెట్టలేదని, అలాగే గోడకి తగిలించావని అత్తయ్య చెప్పింది. దుమ్ము పడుతుంది, వారానికోసారి మెత్తటి కుంచెతో దులుపు.

చలి తగ్గాక ఒక నెల అక్కడికొచ్చి ఉంటాం. ఆ బతికున్న మూడింటినీ అట్టకి అతికించావో, ఊరుకోను. నీ పక్కన కూర్చుని నీ చేత బాగు చేయిస్తాను. నీకు కళ్లున్నాయి, చేతులూ పరవాలేదు. తిట్టడం నా వంతు.

ఇంకొక్క మాట. అందరూ వెళ్లిపోయాక ఇంకోసారి ఆ బోర్డు తడిమి చూశాను. ఏడో అతుకు దాకా వెళ్లాను. ఎక్కడా ముద్ద లేదు, గరుకు లేదు.

బాగా చేశాను.

(ఆ చివరి మాట నేను కలిపింది కాదు అమ్మడూ. తన పని గురించి ఆయన నోటి నుంచి అలాంటి మాట ఇన్నేళ్ల కాపురంలో ఇదే వినడం. సరిగ్గా విన్నానో లేదోనని మళ్లీ చెప్పించుకుని మరీ రాశాను. - అత్తయ్య)